అవ్వ కడిగిన వాల్వులు

ముందే ఒక మాట చెప్పి పెడితే మంచిది. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నా చేత కాదు. అది పుట్టుకతో వచ్చిన లోపం. నేను సోలెడు అంటే గిద్దెడు అనుకోవాలని మా ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. "బయట వాన దంచి కొడుతున్నది" అని నేను కేకేస్తే మా ఆవిడ దండెం మీది బట్టలు తీయదు, కిటికీలోంచి చెయ్యి చాపి చూస్తుంది. మా బాపు రేడియో మెకానిక్కు కనుక నన్ను తన పని భాషలోనే తేల్చేశాడు: "వీడు అవుట్‌పుట్ వాల్వు. లోపటికి చీమ పోతే బయటికి ఏనుగొస్తది." కాబట్టి ఈ కింద ఏనుగు కనబడిన చోటల్లా చీమను వెతుక్కోండి. పూర్తిగా కల్పించింది మాత్రం ఒక్కటే ఉంది. అదేమిటో చివర ఒప్పుకుంటాను. అప్పటిదాకా నమ్మకపోయినా నమ్మినట్టు తల ఊపుతూ ఉండండి.

కొత్తకోటలో మా ఇల్లు బెంగళూరు రోడ్డుకు ఎంత దగ్గరంటే, లారీ హారన్ కొడితే మా చాయ్ మీది మీగడ రెండుగా చీలుతుంది. తెలంగాణ వచ్చి జిల్లాలు విడగొట్టినప్పుడు మా ఇల్లు అంగుళం కూడా కదలకుండానే మహబూబ్‌నగర్ జిల్లాలోంచి ఇంకో జిల్లాలోకి పోయింది. ఆధార్ కార్డులో అచ్చు మారింది తప్ప మా దాలిగుంటలో పిల్లికి ఆ సంగతి ఇప్పటికీ తెలియదు. అలాంటి ఇంటి ముందు మొన్నామధ్య ఒక కారు ఆగింది. అందులోంచి దిగిన అమ్మాయి పేరు శ్రావ్య. హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగమట. సెలవు రోజుల్లో పాత రేడియోల్లో బల్బుల్లా వెలిగే గాజు వాల్వులతో పాటల పెట్టెలు తయారు చేస్తుందట. మేము వాల్వు అనేదాన్ని ఆమె ట్యూబు అంటుంది.

"అంకుల్, ఇది రేడియో మల్లయ్య గారి ఇల్లేనా?"

"ఇల్లే. మల్లయ్య లేడు బిడ్డా, పోయిండు. ఆయన కొడుకును నేను. నాకు రేడియో రాదు, మాటలే వస్తయి."

"ఆయన దగ్గర పాత ట్యూబులుంటుండెనట గదా. ఏమన్న ఉన్నయా?"

"ఎందుకు లేవు? మూడు వందలున్నయి" అన్నాను.

అటక మీది నుంచి బిస్కెట్ డబ్బా దించాను. మూత తీయగానే తుప్పు, పసుపు, కాలిన దుమ్ము కలిసిన వాసన ఒకటి లేచి నా మొహానికి తగిలింది. రేడియో పెట్టగానే వాల్వులు వేడెక్కి, వాటి మీది దుమ్ము సన్నగా మాడే వాసన అది. మాట రావడానికి ముందు వాసన వచ్చేది అప్పట్లో. శ్రావ్య ఒక్కొక్క వాల్వునే తీసి గుడ్డ మీద పేర్చింది. "ముప్పై ఏడు ఉన్నయంకుల్" అంది. మూడు వందల సంగతి ఇద్దరం మళ్లీ ఎత్తలేదు.

ప్రతి వాల్వు మెడకు దారం కట్టి ఉంది. దారానికి చిన్న కాగితం, కాగితం మీద నంబరు. అక్షరాలు నావే. గాజు మీద ఎండిపోయిన పసుపు, కుంకుమ బొట్టు. ఆ బొట్టు ఎందుకని అడగబోయిన ఆమె ఒకదాని దగ్గర ఆగిపోయింది.

"అంకుల్, ఇది తప్పు రాసిండ్రు. ఇ.జెడ్. ఎనభై అని ఉంది. ఇ.జెడ్. ఎనభైకి అడుగున తొమ్మిది తీగ కాళ్లుండాలె. దీనికి ఏడే ఉన్నయి. ఇది వేరేది."

"నాకు తెలుసు" అన్నాను. "రాస్తున్నప్పుడే తెలుసు."

ఆ కాగితం సంగతి చెప్పాలంటే నేను ఇంటరు తప్పి ఇంట్లో కూర్చున్న ఏడాదికి పోవాలి. తప్పింది ఫిజిక్సు. రేడియో మెకానిక్కు కొడుకు ఫిజిక్సు తప్పడం ఏమిటని నాలుగు మండలాల వాళ్లు మాట్లాడుకున్నారు. నాలుగు కాకపోతే మా వాడకట్టు. అప్పటికే ట్రాన్సిస్టర్లు వచ్చి వాల్వు రేడియోలు ముసలివైపోయాయి. కొత్త వాల్వులు రావడం ఆగింది. ఊళ్లలో మాత్రం పాత పెట్టెలు ఇంకా గోడగూళ్లలో కూర్చునే ఉన్నాయి. వాటిలో ఒక వాల్వు పోతే జనం బాపు దగ్గరికే వచ్చేవారు. విరిగిన రేడియోల్లోంచి, కబాడి కుప్పల్లోంచి బాపు ఇరవై ఏళ్లుగా ఏరి దాచిన వాల్వులన్నీ ఆ బిస్కెట్ డబ్బాలోనే ఉండేవి. వాల్వుకు పేరంటే గాజు మీద సన్నగా అచ్చు వేసిన నంబరే. ఆ నంబరును బట్టే దాన్ని ఎక్కడ పెట్టాలో, లోపలి కుంపటికి ఎంత కరెంటు ఇవ్వాలో తెలుస్తుంది. లోపల ఎర్రగా కాలే తీగను బాపు కుంపటి అనేవాడు. ఒకదాని జాగాలో ఇంకొకటి పెడితే కుంపటి ఒక్క క్షణం తెల్లగా మెరిసి ఆరిపోతుంది. ఇక దాన్ని బతికించే దవాఖాన లేదు.

మా అవ్వ, అంటే బాపును కన్న తల్లి, కట్టంగూరు దిక్కు గొర్ల కాపరుల ఇంటి పిల్ల. మేపు కోసం మందను తోలుకుంటూ వాళ్ల నాయినతో ఇంత దూరం వచ్చి, ఎరువు కోసం మా తాత చేనులో మంద పెట్టారట. మూడు దినాలకు మంద కదిలింది, అవ్వ కదల్లేదు. మధ్యలో సంబంధం మాట్లాడుకోవడాలూ అలగడాలూ అయ్యే ఉంటాయి గానీ నాకు ఇలాగే చెప్పడం ఇష్టం. పొద్దున కోడి కంటే ముందు లేచేది. కట్టెల పొయ్యి మీద సొంఠి దంచి వేసి చాయ్ కాచేది. ఆ ఘాటుకు నిద్రపోతున్నవాళ్లు తుమ్ముతూ లేచేవాళ్లు. ఆమెకు సొట్టపడ్డ స్టీలు గిలాస ఒకటుండేది, దాన్ని ఇంకెవరూ ముట్టగూడదు. రోజుకు ఇరవై సార్లు తాగేది. "ఆరు సార్లు" అని మా అమ్మ దిద్దేది. ఆరోది దొంగతనంగా కాబట్టి దాన్ని పదిహేనుగా లెక్కపెట్టాలని నా వాదన.

ఆ ఏడు దసరాకు బాపు ఎక్కడో మైకుసెట్టు చెడిపోయిందంటే పొద్దున్నే పోయాడు. దసరా నాడు పనిముట్లకు పూజ చేయాలి. అవ్వ కొడవళ్లు, పారలు, గొడ్డలి, అమ్మ కుట్టుమిషను కడిగింది. కొడుకు స్క్రూడ్రైవర్లు, పట్టకార్లు, సోల్డరింగు కడ్డీ తుడిచింది. ఆ తర్వాత బిస్కెట్ డబ్బా కనబడింది. అందులో ఉన్నవి దుమ్ము పట్టి మసి బుడ్లలా ఉన్నాయి. "ఇంటిల్లిపాదికి బువ్వ పెట్టేటియి, గిట్ల మసివట్టి ఉండుడేంది?" అని కుంకుడు పులుసు చేసి, బూడిద, కొబ్బరి పీచు పట్టుకుని కూర్చుంది. అవ్వ ఏది తోమినా సగం తోమి వదిలే రకం కాదు. మా ఇత్తడి చెంబు ఆమె చేతిలో ఏటా ఒక వేలు మందం తగ్గేది. వాల్వుల నెత్తిన లోపలి వైపు వెండి మరక ఒకటి ఉంటుంది. అది లోపలిదని ఆమెకు తెలియదు. "నెత్తి మీది మసి పోతలేదేందే" అంటూ ఒక్కోదాన్ని గడియసేపు రుద్దింది. చాటలో పోసి ఎండలో ఆరబెట్టి, అన్నిటికీ పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. నేను అరుగు మీద కూర్చుని అంతా చూస్తున్నాను. ఫిజిక్సు తప్పినవాడికి తట్టాల్సిన సంగతి నాకు తట్టలేదు.

మధ్యాహ్నం బాపు వచ్చాడు. చాటలో వాల్వులు పెళ్లిపిల్లల్లా మెరుస్తున్నాయి. ఒకటి తీసి తిప్పి చూశాడు. ఇంకొకటి చూశాడు. చాట ముందు కూలబడ్డాడు.

"అమ్మా, నువ్వు కడిగింది మసి కాదే. వీటి పేర్లు."

"పేర్లా? నాకేం కనవళ్లె కొడకా. తెల్లగ సన్నగ గీతలుండె. సున్నం మరకలనుకున్న."

బాపు గట్టిగా మాట్లాడే మనిషి కాదు. "పోనీ తియ్యి. ఇగ అవి ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే" అన్నాడు. అరిచి ఉంటే అవ్వ తిరిగి అరిచేది, సాయంత్రానికి ఇద్దరూ జమ్మి ఆకు పంచుకునేవాళ్లు. మెల్లగా అన్నాడు కాబట్టి మాట లోపలికి దిగింది. అవ్వ చెయ్యి తుడుచుకుంది. పొయ్యి మీద చాయ్ గిన్నె తెర్లుతోంది. పోయి దాన్ని దించి పక్కన పెట్టింది.

"వాటి పేర్లు వాటికి వచ్చేదాక నేను చాయ్ ముట్ట. ఒక్కదానికి తక్కువైనా ముట్ట."

"అత్తమ్మా, బువ్వ మానుత అనుండ్రి, నమ్ముత" అంది మా అమ్మ. "చాయ్ మానుతరా మీరు? పొద్దుగూకెదాక ఆగుండ్రి చూద్దాం."

పొద్దుగూకింది. మర్నాడు కూడా గూకింది. మూడో నాటికి అవ్వకు తలనొప్పి పట్టుకుంది. నెత్తికి తువ్వాల బిగించి కట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. అమ్మ నవ్వడం మానేసింది. బాపు ఆమె ముందు చాయ్ తాగలేక తనూ మానేశాడు. నేను మాత్రం ధైర్యంగా మానేశానని ప్రకటించి బస్టాండు హోటల్లో తాగి వచ్చేవాణ్ని. అవ్వ నా చొక్కా వాసన చూసి కళ్లు మూసుకునేది. కోపం కాదది, ఆ వాసన కోసం.

బాపు పని మొదలుపెట్టాడు. ముందు ఆవిరి పద్ధతి. అచ్చు పోయిన గాజు మీద నోటితో వేడిగా ఊదితే, పొగమంచు పట్టినట్టు అయ్యి, అక్షరాలు ఉన్న చోట మంచు వేరే తీరుగా పడుతుంది. ఒక్క నిమిషం దయ్యంలాగా నంబరు కనబడి మాయమవుతుంది. ఆలోగా నేను రాసుకోవాలి. నా దస్తూరి బాగుంటుందని ఆ పని నాకిచ్చాడు. నా ఫిజిక్సు నోటుబుక్కు అప్పటికి ఇంకెందుకూ పనికిరాదు కనుక దాన్నే ముక్కలు చేశాం. ఇద్దరం పొద్దుటి చల్లదనంలో కూర్చుని ఊదీ ఊదీ, నాకు బుగ్గలు వాచి పెళ్లి బాజా వాయించేవాడి మొహం వచ్చింది. అన్నీ ఊదితే పదకొండింటికే పేర్లు దొరికాయి. మిగతావాటి మీద బూడిద తన పని పూర్తిగా చేసింది.

"ఇగ నాతోని కాదు" అన్నాడు బాపు.

అప్పుడు గోడ దగ్గరి నుంచి అవ్వ గొంతు వినబడింది. "మల్లిగా, జర గా గొంగడి పరువు. అన్నిటిని దాని మీద పొయ్యి."

"నీకేం తెలుస్తదే అమ్మా?"

"గొర్లకు పేర్లు రాసి ఉంటయారా? మా నాయిన మందల నాలుగు నూర్లుండె. రంగు బొట్టు కొట్టేది మతిలేనోళ్లు. నేను మొకం చూసి చెప్పేదాన్ని, ఏది ఏ తల్లి బిడ్డనో."

గొంగడి పరిచాం. అవ్వ ఒక్కోదాన్ని వెలుతురుకు పట్టి కడుపులోకి చూడటం మొదలుపెట్టింది. పేర్లు పోయింది గాజు పైన, అవ్వ చూసింది గాజు లోపల. "గిది నల్లకడుపుది. గిది కూడ నల్లకడుపుదే గని నడుము సన్నం, దీని అక్క బిడ్డ. గిది రెండర్రల ఇల్లు. గిది బోడిది, నెత్తి మీద గొడుగు లేదు. గీ నాలుగు ఒక్క కడుపున పుట్టినయి, సూడు, వీపు మీద మూడు మూడు కిటికీలు." ఒక పూటలో గొంగడి మీద ఏడు కుటుంబాలు విడివిడిగా కూర్చున్నాయి. బాపు ఆమెను చూసిన చూపు నాకింకా గుర్తే. ఇరవై ఏళ్లు ఆ వాల్వులతో బతికిన మనిషి, నంబరు చదివి పెట్టడమే తప్ప, వాటి కడుపుల్లోకి అంత తీరుబడిగా ఎన్నడూ చూడలేదు.

ఆ తర్వాత దారి దొరికింది. మా ఇంటి రేడియోలోని, బాగుచేయడానికి వచ్చిన రేడియోల్లోని వాల్వులు అవ్వ చేతికి చిక్కలేదు కనుక వాటి పేర్లు చెక్కుచెదరలేదు. బాపు ఒకటి ఊడదీసి అవ్వకు చూపించేవాడు. "గీడు ఎవరింటోడే?" ఆమె లోపలికి చూసి, "మూడు కిటికీలోళ్ల పిల్లగాడు" అనేది. మొహాలు ఒకటే అయినా కొన్నింటి కుంపట్లకు కరెంటు తేడా ఉంటుంది. అది బాపు మీటరు పెట్టి తేల్చేవాడు. నేను రాసి దారం కట్టేవాణ్ని. తల్లీకొడుకులు అంతసేపు పక్కపక్కన కూర్చుని మాట్లాడుకోవడం నేను అంతకుముందు చూడలేదు. దీపావళి దగ్గరపడే నాటికి ముప్పై ఆరింటికి పేర్లు వచ్చాయి.

మిగిలింది ఒకటి. పొట్టిది, ఏడు కాళ్లది. ఏడు కాళ్లవి ఇంకా కొన్ని ఉన్నాయి, బ్యాటరీ రేడియోలవి. వాటితోనూ ఇది కలవలేదు. ఊదితే ఏమీ కనబడదు. మీటరు పెడితే ముల్లు కదలదు, అంటే కుంపటి లేదు. కాలిపోయిందనుకుందామా అంటే లోపల కాలిన తీగ కూడా కనబడదు. అవ్వ దాన్ని మూడు రోజులు కొంగున కట్టుకుని తిరిగింది. పొద్దున చూసింది, ఎండలో చూసింది, పొయ్యి మంట ముందు పట్టి చూసింది.

"ఇది మన మందల పుట్టింది కాదు కొడకా" అంది చివరికి. "వేరేటోళ్ల మందకెంచి తప్పొచ్చింది."

"రేడియో వాల్వులల్ల వేరే మంద ఏముంటదే? కాలిపోయి ఉంటది, పారేద్దాం."

"పారేస్తె లెక్క తప్పుతది."

అవ్వ చిక్కిపోయింది. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. అమ్మ బాపును పెరట్లోకి పిలిచి ఏదో అంది. బాపు లోపలికి వచ్చి ఆ వాల్వును అందుకుని కిటికీ దగ్గర నిలబడి, మా వైపు వీపు పెట్టి కాసేపు చూశాడు. "ఆ, దొరికింది. ఇ.జెడ్. ఎనభై. రాయిరా" అన్నాడు. అబద్ధం చెప్పడంలో బాపుకు అభ్యాసం లేదు. నోటికి మొదట వచ్చిన నంబరు అది. దానికి తొమ్మిది కాళ్లని నాకు తెలుసు, బాపుకు తెలుసు, గొంగడి మీద తొమ్మిది కాళ్ల ఇ.జెడ్. ఎనభైలు నాలుగు కళ్ల ముందే ఉన్నాయి. నేను రాశాను. అమ్మ సొంఠి చాయ్ పెట్టి, సొట్ట గిలాసలో పోసి తెచ్చింది. అవ్వ గిలాసను చూసింది, వాల్వును చూసింది, కొడుకును చూసింది. "గట్లనా" అంది. కళ్లు మూసుకుని తాగింది. ఆ మొదటి గుటక చప్పుడు రోడ్డు మీది లారీలకు కూడా వినబడింది.

ఇదంతా శ్రావ్యకు చెప్పాను. ఆమె నవ్వలేదు. ఏడు కాళ్లదాన్ని వెలుతురుకు పట్టుకుంది, అచ్చం అవ్వలాగే, కడుపులోకి చూస్తూ. కారులోంచి చిన్న పెట్టె తెచ్చింది. తీగలు తగిలించింది.

"అంకుల్, దీనికి కుంపటి కాలిపోలేదు. పుట్టుకతోనే లేదు. లోపల గ్యాసు నింపుతరు." బొత్తాం తిప్పింది. గాజు లోపల మెల్లగా వంగపూవు రంగు వెలుగు నిండింది. వేడి లేదు, వాసన లేదు. "ఇది ఓ.ఏ. రెండు అనుకుంట" అంటూ ఫోనులో బొమ్మలు తీసి పోల్చి, కాళ్ల లెక్క చూసి, అవునంది. "ఇంట్ల ఉండే రేడియోలల్ల ఇది ఉండదు. పెద్ద పెద్ద మిషన్లల్ల ఉంటది. మీ అవ్వ కరెక్టే చెప్పింది. వేరే మందనే."

"ఏం పని చేస్తది బిడ్డా ఇది?"

"ఏం చెయ్యదంకుల్. మిగతావన్ని చప్పుడు పెంచుతయి. ఇది పెంచదు. కరెంటు ఎంత ఎగిరినా దుంకినా, తన దగ్గర వోల్టేజీని ఉన్నకాడ ఉన్నట్టు నిలవెడతది. గంతే."

ఇంకోసారి వెలిగించి చూపమన్నాను. మా ఆవిడ వంటింట్లోంచి తొంగి చూసింది, నేను హాస్యమాడలేదంటే జ్వరమేమోనని.

శ్రావ్య కావలసినవి ఏరుకుని వెళ్లింది. ఆ ఒక్కటి నేను ఉంచుకున్నాను. ఇప్పటి వస్తువుల మీద పేర్లు లేజరుతో చెక్కుతున్నారు, ఏ అవ్వ ఎంత తోమినా పోవు. లోపల ఏముందో మాత్రం ఎవరికీ తెలియదు, తెలుసుకుందామంటే విప్పడానికి స్క్రూ కూడా ఉండదు. మా ఇంట్లో ఇప్పుడు చాయ్ గ్యాసు మీద నాలుగు నిమిషాల్లో అవుతుంది. ఎవరి గిలాస ఏదో ఎవరికీ పట్టింపు లేదు. మంచిదో చెడ్డదో నేను చెప్పను. తేడా చెబుతున్నాను, అంతే.

ఇక ఒప్పుకోలు. మూడు వందలు ముప్పై ఏడని మీకు తెలిసిపోయింది. ఇరవై చాయ్‌లు ఆరు. అవ్వ వాళ్ల మంద నాలుగు నూర్లు కాదు, నూటయాభై ఉంటుందేమో. బుగ్గలు వాచలేదు. అవన్నీ చీమకు ఏనుగు. లేని చీమ ఒక్కటే.

అవ్వ ఆ చాయ్ తాగలేదు.

బాపు అబద్ధం నిజం, నా కాగితం నిజం, గిలాస నిజం, "గట్లనా" అనడం కూడా నిజమే. ఆ తర్వాత గిలాసను రెండు చేతులతో పట్టుకుని కాసేపు వెచ్చబెట్టుకుంది. తర్వాత దాన్ని బాపు చేతిలో పెట్టింది. "నువ్వు తాగు కొడకా, నా వల్ల నువ్వు గూడ మానినవు. పేరు పెడితే తప్పొచ్చింది మనదైతదా?" అంది. కోపంగా కాదు, బుజ్జగిస్తున్నట్టు. బాపు ఆమె ముందే నిలబడి ఆ చాయ్ తాగాడు. ఆ తర్వాత అవ్వ ఆరేళ్లు బతికింది. తలనొప్పి పోయింది, ఒళ్లు తేరుకుంది, రోజూ మా అందరికీ సొంఠి చాయ్ కాచి పోసింది. తన సొట్ట గిలాసలో వేడినీళ్లు పోసుకుంది. ఆరు సార్లే. ఈ ఆరు మాత్రం పెంచింది కాదు.

ఈ కథ నేను చాలామందికి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ అవ్వ చేత ఆ చాయ్ తాగిస్తూనే వచ్చాను. శ్రావ్యకు కూడా అలాగే చెప్పాను. కారు వెళ్లిపోయాక కాగితం విప్పి, పాత నంబరు కొట్టేసి, కింద సరైనది రాసి, మళ్లీ ఆ మెడకే కట్టాను. ముప్పై ఏడింటికీ పేర్లు సరిపోయాయి. ఒక్కదానికి కూడా తక్కువ లేదు. వంటింట్లోకి పోయి సొంఠి ఎక్కడుందని మా ఆవిడను అడిగాను.